అరిగిన అంచు

ఇలా రా, ఆ కుర్చీ కాస్త ముందుకు లాక్కో. గొంతు పెంచి చెప్పే ఓపిక నాకు లేదు, చెప్పకుండా ఉండే ఓపిక అంతకన్నా లేదు. బొంగరం సంగతి చెబుతాను, విను.

ఆవిడ అసలు పేరు ఇప్పుడు ఎవరూ పిలవరు. విసిరే ముందు ఒంటికాలి మీద గిర్రున తిరుగుతుంది కాబట్టి బొంగరం అన్నారు, అదే స్థిరపడిపోయింది. విసిరేది ఏమిటంటావా? డిస్క్. అన్నం తినే పళ్లెమంత ఉండే ప్లాస్టిక్ బిళ్ల. పార్కులో చెట్ల మధ్య అక్కడక్కడా ఇనుప స్తంభాలు పాతి, వాటికి గొలుసులు వేలాడే బుట్టలు బిగించి ఉంటాయి. సిమెంటు దిమ్మ మీద నిలబడి విసరాలి, పడిన చోటికి నడిచి వెళ్లి మళ్లీ విసరాలి, గొలుసులు గలగలమనేదాకా విసరాలి. తక్కువ విసుర్లతో బుట్టలో వేసినవాళ్లు గెలిచినట్టు. అంతే ఆట. చూసేవాళ్లకు చిన్నపిల్లల చేష్టలా ఉంటుంది. ఆడేవాళ్లకు మాత్రం దాని ముందు ఇల్లూ వాకిలీ గుర్తుండవు.

బొంగరానికి యాభై దాటాయి. వీధి మలుపులో జుట్టు కత్తిరించే దుకాణం ఆవిడది. అద్దం ముందు రెండు కుర్చీలు, మూలన వేడినీళ్ల గీజరు, గోడకి ఆరేసిన తువ్వాళ్లు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకరి తల తర్వాత ఒకరి తల. అందరి కబుర్లూ ఆవిడ చెవిలోనే పడతాయి. అల్లుడి మీద చాడీలు, పై ఇంటివాళ్ల మీద ఫిర్యాదులు, అన్నిటికీ ఊ కొడుతూ ఉండాలి. దిమ్మ మీద డిస్క్ పట్టుకుని నిలబడినప్పుడు మాత్రం ఎవరి మాటకీ ఊ కొట్టక్కర్లేదు. అందుకే అదంటే ఆవిడకి ప్రాణం.

ఏళ్ల తరబడి చెయ్యి ఎత్తి పట్టుకుని కత్తెర ఆడించడం వల్ల కుడి భుజం బిగుసుకుపోయింది. ఆపరేషన్ చేశారు. కత్తెర పట్టడానికి అడ్డం లేకుండా చెయ్యి తిరిగి వచ్చింది. విసురులో ఉండే వేగం మాత్రం రాలేదు.

పార్కులో ఆడేవాళ్లంతా కలిసి ఒక జట్టు కట్టుకున్నారు, బొంగరం కూడా అందులోదే. ఆ జట్టుకి కెప్టెన్ ఆవిడ మరిదే. ఆటసామాన్ల దుకాణం పెట్టుకున్నాడు. మనసు మంచిదే. కాకపోతే పక్కవాళ్ల మంచి తనకే ఎక్కువ తెలుసనుకునే రకం. ఒకరోజు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి, మెడ చుట్టూ గుడ్డ కట్టించుకున్నాక గొంతు సవరించుకున్నాడు.

"వదినా, ఒక మాట చెప్తాను. కోపం తెచ్చుకోకూడదు."

"కత్తెర నా చేతిలో ఉంది. బాగా ఆలోచించుకుని చెప్పు," అంది బొంగరం.

"అందరం అనుకున్నది ఏంటంటే..."

"అందరం అంటే ఎవరు? ఆ అందరిలో నేను లేనా?"

"నీ మంచికే వదినా."

"నా మంచి నాకు కనపడకుండా ఎవరెవరిళ్లలో తిరుగుతోందో కాస్త చెప్పు."

మరిది అద్దంలో ఆవిడ మొహం చూసి నీళ్లు నమిలాడు. చివరికి ఎలాగో కక్కాడు. ఇకనుంచి దగ్గరి దిమ్మ మీద నుంచి ఆడమన్నాడు. ప్రతి బుట్టకీ రెండు దిమ్మలు ఉంటాయి. దూరపు దిమ్మ జట్టువాళ్లది. దగ్గరిది పిల్లలకీ, కొత్తవాళ్లకీ, చేతులు అలిసినవాళ్లకీ. దగ్గరి దిమ్మకి వెళ్లడమంటే జట్టులోంచి వెళ్లడమే, మర్యాదగా చెప్పారంతే.

"పక్క ఊరి జట్టుతో పోటీ దగ్గరికొచ్చేసింది. పార్కులో మడుగు దాటించి వెయ్యాల్సిన బుట్ట ఉందే, అక్కడ నీ చెయ్యి చాలదేమో అంటున్నారు. మధ్యలో నీళ్లలో పడితే జట్టంతటికీ దెబ్బ కదా."

"మొన్న దాటించాను."

"మొన్న దాటింది. అంతకుముందు గాలి ఉన్నప్పుడు దాటలేదు."

బొంగరం కత్తెర ఆపింది. "పోటీకి సరిగ్గా ముందున్న ఆదివారం అందర్నీ మడుగు దగ్గరికి రమ్మను. దూరపు దిమ్మ మీద నుంచే విసురుతాను. ఒక్కటే విసురు. దాటకపోతే దగ్గరి దిమ్మ పక్కన నేనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను. దాటితే మళ్లీ ఈ మాట నా దగ్గర ఎత్తకూడదు."

"పంతం దేనికి వదినా?"

"తల వంచు."

ఆ కోపంలోనూ రెండు చెవుల దగ్గరా సమంగానే కత్తిరించి పంపింది. పని వేరు, పగ వేరు ఆవిడకి.

ఆవిడ అంత ధైర్యంగా పందెం కట్టడానికి కారణం ఒక డిస్క్. అది చెప్పకపోతే నీకు మిగతా కథ ఎక్కదు.

దూరం పోయే డిస్కుని డ్రైవర్ అంటారు. దాని అంచు పలచగా, గాలిని కోసుకుపోయేలా ఉంటుంది. ఒకే అచ్చులో మూడు రకాల ప్లాస్టిక్ పోసి మూడు రకాల డ్రైవర్లు చేస్తారు. మామూలు ప్లాస్టిక్‌ది ఒకటి, గరుకుగా, వెలిసినట్టు ఉంటుంది. వానలో తడిసినా చేతికి పట్టు ఇస్తుంది కానీ చెట్టుకు తగిలిన ప్రతిసారీ ఒక నొక్కు పడుతుంది. జిగట ప్లాస్టిక్‌ది ఇంకొకటి, వంచితే వంగుతుంది, వదిలితే మళ్లీ మామూలవుతుంది. మూడోది మెరుపు ప్లాస్టిక్. గాజులా అవతలి వెలుగు కనిపిస్తుంది. రాయికేసి కొట్టినా గీత పడదు, ఏళ్లకేళ్లు కొత్తగానే ఉంటుంది. అచ్చు ఒకటే, పేరు ఒకటే. గాలిలోకి వదిలితే మాత్రం ముగ్గురు అక్కచెల్లెళ్లవీ మూడు దారులు.

కుడిచేత్తో విసిరిన డిస్క్ చివరికి ఎడమకి వాలుతుంది. అన్నీ వాలతాయి. ఎంత త్వరగా వాలుతుంది, ఎంత గట్టిగా వాలుతుంది అన్నదాన్ని బట్టే దాని నిలకడ చెబుతారు. మెరుపుది మహా మొండిది. చేతిలో వేగం ఉన్నవాడు విసిరితే బాణంలా పోయి చిట్టచివర ఎడమకి కొడుతుంది. వేగం తగ్గిన చెయ్యి విసిరితే సగం దారిలోనే ఎడమకి కూలిపోతుంది. మామూలుది అలా కాదు. తగిలి తగిలి అంచు అరిగాక దాని మొండితనం పోతుంది. ముందు కాస్త కుడికి ఒరుగుతుంది, తేలుతూ తేలుతూ పోతుంది, పోయి పోయి అప్పుడు తిన్నబడుతుంది. చేతిలో లేని దూరాన్ని గాలి దగ్గర అడిగి తెచ్చుకుంటుంది.

బొంగరం దగ్గర అలాంటిది ఒకటి ఉంది. కొన్నప్పుడు ఎర్రటి ఎరుపు. ఎండకీ వానకీ ఇటుకపొడి రంగుకి దిగింది. అంచు చుట్టూ కొరికినట్టు నొక్కులే నొక్కులు. ఏ నొక్కు ఏ చెట్టు పెట్టిందో ఆవిడకి తెలుసు. మడుగు దగ్గర దిమ్మకీ బుట్టకీ మధ్య ఎడమవైపంతా నీళ్లే. కుడివైపు నుంచి చుట్టి వచ్చే డిస్క్ మాత్రమే తక్కువ వేగంతో అవతలి గట్టు చేరుతుంది. ఆ ఎర్రది ఉన్నంతకాలం మడుగంటే భయం లేదనుకుంది.

ఆ సాయంత్రం దుకాణం మూసి ఇంటికి వచ్చేసరికి మొగుడు గుమ్మంలోనే ఉన్నాడు. ఆయన వడ్రంగి. పాడైన వస్తువు కంటబడితే చెయ్యి ఊరుకోదు. ఊగే కుర్చీ ఇచ్చినా ఊగకుండా బాగుచేసి ఇచ్చే మనిషి. మొహం వెలిగిపోతోంది.

"తమ్ముడు ఫోన్ చేశాడు. పందెం కట్టావంట కదా. ఇదిగో చూడు," అని వెనక దాచిన చెయ్యి ముందుకు చాపాడు.

ఎర్ర డిస్కే. బొంగరం బొటనవేలితో అంచు తడిమింది. చంటిపిల్ల బుగ్గలా నున్నగా ఉంది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఏం చేశారండీ దీన్ని?"

"అంచంతా ఒకటే గరుకు. ఆకురాయితో రాశాను. తర్వాత ఉప్పుకాగితం పట్టించాను. వంకర ఉంటే వేడినీళ్లలో ముంచి, చదునైన చెక్క కింద బరువు పెట్టి ఆరబెట్టాను. ఒక్క నొక్కు ఎక్కడైనా మిగిలిందేమో చూపించు."

"ఆ నొక్కులే కదండీ నావి. వాటిని పెట్టడానికి నాకెన్నేళ్లు పట్టిందో తెలుసా?"

"నొక్కులు పెట్టడానికి ఏళ్లెందుకు? ఒక్కమాట చెప్తే సుత్తితో ఇప్పుడే పెట్టేవాణ్ణిగా," అన్నాడాయన, నిజంగానే అర్థంకాక.

ఆవిడ ఏడవలేదు, అరవలేదు. భోజనాల దగ్గర మాట్లాడలేదంతే. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ మాట్లాడకపోవడం ఆయన ఎరగడు. గిన్నెలు తనే కడిగాడు, కడిగినవే మళ్లీ కడిగాడు.

మర్నాడు పార్కులో విసిరి చూస్తే ఎర్రది గాలిలో వణికింది, ఎటు పోవాలో తెలియని కొత్తమనిషిలా తడబడి పడిపోయింది. ఎలాగూ అది పనికిరాదని మరిది కుండబద్దలు కొట్టాడు. "ఆడుతూ ఆడుతూ అరిగితే అది అరుగుడు. ఆకురాయి పెట్టి అంచంతా చెక్కితే చెల్లదు వదినా. ఇది ఆట నియమం, నేను కల్పించింది కాదు." ఆ మాట నిజమే.

తర్వాత జాలి పడి తన దుకాణంలోంచి మెరుపుది ఒకటి తెచ్చి ఇచ్చాడు. నీలం రంగు, చూడ్డానికి ముచ్చటగా ఉంది. "ఇది పదేళ్లైనా ఇలాగే ఉంటుంది. దీన్ని మించిన మన్నిక ఇంకోదానికి లేదు."

బొంగరం దూరపు దిమ్మ ఎక్కి, గిర్రున తిరిగి విసిరింది. నీలంది కొంతదూరం బుద్ధిగా పోయి, ఠక్కున ఎడమకి తిరిగి బుడుంగున మడుగులో మునిగింది. పొడుగు కర్రతో దాన్ని పైకి లాగుతుంటే ఆవిడ అంది, "అంతా నీ పోలికే మరిదీ. ఎవరేం చెప్పినా వినదు, ఎప్పటికీ మారదు."

కెప్టెన్ పెళ్లాం, అంటే బొంగరం తోడికోడలు, పక్కనే నిలబడి పకపకా నవ్వింది. జట్టులో విసుర్లు లెక్కపెట్టేది ఆవిడే. ఆవిడ దగ్గర జిగటది ఉంది. "నాది ఒకసారి చూడు అక్కా," అని ఇచ్చింది. అది కాస్త నయం. కాకపోతే మధ్యాహ్నం ఎండకి మెత్తబడి అంచు చేతిలో జారింది. గట్టు ఇంకో బారెడు దూరంలో ఉందనగా నీళ్లని ముద్దుపెట్టుకుంది.

"ఇక దగ్గరి దిమ్మేనా అక్కా?" అని నెమ్మదిగా అడిగింది తోడికోడలు.

"నా కాళ్లకి ఆ దారి తెలీదు," అంది బొంగరం. నేరుగా మరిది దుకాణానికి వెళ్లి, కింది అరలో దుమ్ముపట్టి ఉన్న మామూలు ప్లాస్టిక్ డ్రైవర్ కొనుక్కుంది. ఎర్రదాని అచ్చులోదే. ఇది పసుపు. కొత్తది కాబట్టి దీనికీ కొంత మొండితనం ఉంది. ఎర్రదానికి ఏళ్లలో వచ్చిన అరుగుడు దీనికి పందెం ఆదివారం లోపల రావాలి. ఉన్నవి కొన్ని వారాలు.

ముందు ఆత్రం కొద్దీ దుకాణం వెనక గోడకి నాలుగు దెబ్బలు వేయబోయింది. తోడికోడలు చెయ్యి పట్టుకుంది. "గోడకి కొట్టినా ఆకురాయి పెట్టినా ఒకటే అక్కా. నేనే లెక్కలు రాసేదాన్ని, చూసీ చూడనట్టు ఊరుకోలేను. ఆటలో తగిలితేనే చెల్లుతుంది."

"ఆటలో ఎన్నిసార్లు తగలొచ్చు?"

"దానికి లెక్కేముంది? తగిలినన్నిసార్లు."

"అయితే చూస్తూ ఉండు."

ఆ వారాల్లో ఆవిడ ఆడిన ఆట ఆ పార్కు ఎప్పుడూ చూసి ఉండదు. దుకాణం తెరవకముందు ఒక ఆట, మూశాక వెలుగు ఉన్నంతసేపు ఇంకొకటి. దిమ్మ మీద నిలబడి మొదటినుంచి చివరి బుట్టదాకా, ఒక్క విసురూ వదలకుండా, నియమం తప్పకుండా ఆడేది. కాకపోతే దారిలో అడ్డం ఉన్న చెట్టును తప్పించుకునేది కాదు. కంకర ఉన్న చోట డిస్క్ నేలని రాసుకుంటూ పోయేట్టు కిందకి విసిరేది. బుట్ట స్తంభం ఠంగుమనేది. వాకింగ్‌కి వచ్చే పెద్దమనుషులు ఆగి చూశారు.

"పాపం, ఆపరేషన్ తర్వాత గురి తప్పినట్టుంది," అన్నాడొకాయన.

"తప్పలేదండీ. చెట్టుకే వేసింది, చెట్టుకే తగిలింది," అన్నాడు వడ్రంగి.

అవును, ఆయన కూడా రోజూ వెంట వచ్చేవాడు. సంచి మోసేవాడు. పసుపు డిస్క్ అంచు మీద పోగులు లేచి, ఒక్కో నొక్కు పడుతుంటే ఆయన వేళ్లు దురదపెట్టేవి. చేతులు రెండూ జేబుల్లో దోపుకునేవాడు. ఒకరోజు నడుస్తూ నడుస్తూ అన్నాడు, "నేను చెక్కని బల్లల్లా అనుకున్నాను. బల్ల ఎంత నున్నగా ఉంటే అంత మంచిది కదా."

"బల్ల ఎక్కడికీ ఎగరక్కర్లేదు కదండీ," అంది ఆవిడ. అలా మళ్లీ మాటలు కలిశాయి.

మరిదికి మాత్రం నిద్ర పట్టలేదు. "చెట్లతో ఏం పగ వదినా నీకు?" అన్నాడు ఒకసారి.

"చెట్లతో కాదు," అంది ఆవిడ, అతని కళ్లలోకి చూస్తూ.

భుజం మాటేమిటంటావా? నొప్పి లేదంటే అబద్ధం. ఇంటికి వచ్చి వేడినీళ్ల సంచి పెట్టుకుని కదలకుండా కూర్చునేది. ఆ కూర్చున్నప్పుడే అసలు భయం వేసేది. ఓడిపోతాననే భయం కాదది. దగ్గరి దిమ్మ మీద నిలబడితే అందరూ చప్పట్లు కొడతారు. చిన్నపిల్ల తప్పటడుగు వేసినా కొడతారే, అలాంటి చప్పట్లు. ఏం చేసినా భలే అంటారు. ఆ భలే వినాల్సి వస్తుందేమోనని ఆవిడ భయం. మళ్లీ పొద్దున లేచి సంచి భుజాన వేసుకునేది.

పసుపుది మెల్లగా లొంగింది. మొదట్లో ఎడమకి పారిపోయేది. తర్వాత తిన్నగా పోవడం నేర్చింది. ఆదివారం దగ్గరపడేసరికి వదిలిన వెంటనే కొద్దిగా కుడికి ఒరగడం మొదలుపెట్టింది. కొద్దిగానే. ఎర్రదానంత కాదు. మిగిలిన ఒరుగుడు తన చేత్తోనే ఇవ్వాలని, వదిలేటప్పుడు అంచుని కుడివైపుకి వంచి విసరడం అలవాటు చేసుకుంది. డిస్క్ సగం మారింది, ఆవిడ సగం మారింది.

ఆదివారం పొద్దున మడుగు దగ్గర జట్టంతా చేరింది. గాలి కూడా చేరింది, పిలవకపోయినా. మరిది నిజంగానే దగ్గరి దిమ్మ పక్కన మడత కుర్చీ వేయించాడు.

"నీ మాట ప్రకారమే వదినా."

"నువ్వు కూర్చో నాయనా. నిలబడి చూస్తే కాళ్లు పీకుతాయి."

అందరూ నవ్వారు. తోడికోడలు పసుపు డిస్క్ తీసుకుని అంచంతా తడిమి చూసింది, ఆకురాయి జాడ ఉందేమోనని. లేదు. అన్నీ చెట్లు పెట్టినవే. తిరిగి ఇచ్చింది.

బొంగరం దూరపు దిమ్మ ఎక్కింది. ఎదురుగా నీళ్లు చిన్నచిన్న ముడతలు పడుతున్నాయి. గాలి తగ్గుతుందేమో, ఆగి విసరమని ఎవరో అన్నారు. పోటీ రోజున గాలిని ఆగమంటారా అని ఆవిడ ఆగలేదు. గిర్రున తిరిగింది. వదిలింది.

పసుపుది కుడికి ఒరిగింది. చాలా ఒరిగింది. అవతలి చెట్ల గుంపులోకి పోతుందని అందరూ మెడలు సాచారు. మరిది కుర్చీలోంచి సగం లేచాడు. గాలి దాని కిందకి దూరి పైకి లేపింది. అక్కడ ఒక్క క్షణం, ఏ పక్కకి పోవాలో నిర్ణయించుకుంటున్నట్టు తేలింది. తర్వాత మెల్లగా తిన్నబడి, నీళ్ల మీదుగా ఎడమకి వాలుతూ వాలుతూ పోయి, అవతలి గట్టు రాళ్ల మీద ఠప్పున పడింది.

బొంగరం దిమ్మ దిగి మడుగు చుట్టూ నడక మొదలుపెట్టింది. మిగతావాళ్లు వెనకే వెళ్లారు.

డిస్క్ పొడినేల మీదే ఉంది. కానీ రాయి తగిలిన చోట అంచు నుంచి నడిమి దాకా నిలువునా పగిలింది. మరిది దాన్ని పైకెత్తి వెలుగుకి పెట్టాడు. చీలిక లోంచి ఆకాశం కనపడింది.

"దాటింది వదినా," అన్నాడు. ఒప్పుకున్నాడు, అది మెచ్చుకోవాలి. వెంటనే ఊరుకోలేక అన్నాడు, "కానీ ఇక ఇది విసరడానికి పనికిరాదు. ఇందుకే కదా మెరుపుది తీసుకోమన్నాను. అదైతే దీని జేజమ్మ లాంటి రాయి తగిలినా పగిలేది కాదు."

"పగిలేది కాదు. మడుగు అడుగున చల్లగా ఉండేది," అంది తోడికోడలు.

బొంగరం చెయ్యి చాపి పగిలినదాన్ని తీసుకుంది. భుజం లోపల సలుపుతోంది. మొహం మీద మాత్రం ఏమీ లేదు.

"నేను జట్టులో ఉన్నానా లేదా, అది చెప్పు."

"ఉన్నావు. ఉన్నావు సరే, పోటీలో ఏం విసురుతావు? ఇలాంటిది ఇంకోటి లేదు నీ దగ్గర."

"ఇంకోటి అరగదీస్తాను."

"రోజులు చాలవు వదినా."

"చెట్లు చాలా ఉన్నాయి," అంది బొంగరం. పగిలినదాన్ని సంచిలో వేసుకుని, బుట్టలో వేసే చిన్న డిస్క్ బయటికి తీసి, గొలుసుల వైపు తిరిగింది. పందెం విసురు అయిపోయినా, బుట్టలో వేసే విసురు ఇంకా మిగిలే ఉంది కదా మరి.

అదీ సంగతి. నువ్వు దీన్ని మనసులో పెట్టుకో. రేపు నీ చుట్టూ నలుగురు చేరినప్పుడు చెప్పు. చాలామంది డిస్క్ మడుగు దాటిందని చెప్పి అక్కడే ఆపేస్తారు, వినేవాళ్లు సంతోషిస్తారని. నువ్వు అలా చెయ్యకు. అది పగిలిందని కూడా చెప్పు. పగిలాక, రోజులు చాలవంటే ఆవిడ ఏమందో, ఆ మాట ఒక్క అక్షరం పోకుండా చెప్పు.